తెలిసిన మాటే తికమక పెడుతుంది: మనోవిజ్ఞానం తొలి పాఠాల్లో పదాల చిక్కు

హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ చెట్ల కింద, అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు చదివేవాళ్ల చేతుల్లో బాగా నలిగే సబ్జెక్టు ‘శిశు వికాసం, పెడగాజీ’. 150 మార్కుల పేపర్లో దీని వాటా 30. నిర్వచనాలు అందరికీ నోటికి వచ్చే ఉంటాయి. అయినా ఒక సన్నివేశం ఇచ్చి ‘ఇది దేనికి ఉదాహరణ?’ అని అడిగిన చోట చాలామంది చెయ్యి ఆగుతుంది. పుస్తకం చదవక కాదు. దీనికి పునాదైన మనోవిజ్ఞానం వాడే మాటల్లో సగం ఇంట్లో రోజూ వాడుకునేవే: శిక్ష, ప్రేరణ, ప్రజ్ఞ, స్మృతి, అవధానం, సంబంధం. సోడియం క్లోరైడ్ అనే మాట ఎవరి బుర్రలోనూ ముందుగా ఏ అర్థంతోనూ కూర్చోలేదు కాబట్టి పుస్తకం చెప్పిన అర్థం నేరుగా దిగుతుంది. ‘శిక్ష’ అలా కాదు. అది ముందే తనకొక అర్థం మోసుకొచ్చి, కొత్తదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

అందుకే ఇక్కడ ఏ పదం ఎదురైనా నిర్వచనం కంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఆ పదం దేన్ని కొలుస్తుంది? దేన్ని తనలోకి రానివ్వదు? తొలి పాఠాల్లో ఎక్కువగా తప్పులు జరిగే పదాలను ఈ రెండింటితో తూచి చూద్దాం.

రుణాత్మకం అంటే చెడ్డది కాదు

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోగొట్టే పదం ‘రుణాత్మక పునర్బలనం’. రుణాత్మకం అనగానే చెడు, చెడు అనగానే శిక్ష అని మనసు ఒక్క అంగలో దూకేస్తుంది. ఒక పని వల్ల వచ్చే ఫలితాన్ని బట్టి ఆ పని పెరగడమో తగ్గడమో జరిగే నేర్చుకోవడాన్ని మనోవిజ్ఞాని స్కిన్నర్ కార్యసాధక నిబంధనం అన్నాడు. అందులో ధన, రుణ అనేవి లెక్కల్లో ప్లస్, మైనస్ గుర్తుల్లాంటివి. ఒకటి చేర్చారు, ఒకటి తీసేశారు. అంతకు మించి వాటికి మంచీ లేదు, చెడూ లేదు. పునర్బలనం అంటే ఒక ప్రవర్తన పెరగడం. శిక్ష అంటే తగ్గడం. సన్నివేశం ఏదైనా ముందు ‘ఆ పని ఇకముందు ఎక్కువసార్లు జరుగుతుందా, తక్కువసార్లా?’ అని చూడాలి. తర్వాత ‘పని జరిగాక ఏదైనా వచ్చి చేరిందా, ఉన్నది పోయిందా?’ అని చూడాలి. ఈ వరుస తప్పితే జవాబూ తప్పుతుంది.

కారెక్కి బెల్టు పెట్టుకోకపోతే టింగ్ టింగ్ మని మోత మొదలవుతుంది. బెల్టు పెట్టగానే ఆగుతుంది. మోత పోయింది, బెల్టు పెట్టుకునే అలవాటు పెరిగింది. అదే రుణాత్మక పునర్బలనం. తలనొప్పి మాత్ర వేసుకోవడం, దోమలు రాకముందే కిటికీ మూయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. అల్లరి చేసిన పిల్లాడి చేతిలోంచి రిమోట్ లాక్కుంటే, అల్లరి తగ్గితే, అది రుణాత్మక శిక్ష. రెండింటిలోనూ ఏదో ఒకటి పోయింది. ఒకదాంట్లో ప్రవర్తన పెరిగింది, ఇంకోదాంట్లో తగ్గింది.

తగ్గింది అనేది ఇక్కడ చాలా ముఖ్యం. టీచరు తిడితే క్లాసంతా తనవైపు చూస్తుందని, అందుకోసమే ఇంకా ఎక్కువ అల్లరి చేసే పిల్లలు ఉంటారు. ఆ తిట్టు తిట్టినవారి ఉద్దేశంలో శిక్షే. కానీ ప్రవర్తన పెరిగింది కాబట్టి శాస్త్రం లెక్కలో అది ధనాత్మక పునర్బలనం. ఉద్దేశాన్ని బట్టి పేరు పెట్టకూడదు, ఫలితాన్ని బట్టి పెట్టాలి. ఈ ఒక్క సూత్రం ఒంటబడితే ధన, రుణ పునర్బలనాలు, ధన, రుణ శిక్షలు అనే నాలుగు గడుల పట్టికను బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఒకే సంఘటనలో ఇద్దరు రెండు రకాలుగా నేర్చుకోవడం కూడా గమనించాలి. హోటల్లో బిర్యానీ వచ్చేలోపు మూడేళ్ల పాప ఏడుస్తుంది, తల్లి ఫోన్ చేతికిస్తుంది, ఏడుపు ఆగుతుంది. పాపకు ఫోన్ వచ్చి చేరింది. ఏడుపు ధనాత్మకంగా బలపడింది. తల్లికి ఏడుపు పోయింది. ఫోన్ ఇచ్చే అలవాటు రుణాత్మకంగా బలపడింది. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. ఈ ముడి ఎందుకంత గట్టిదో దీంతో అర్థమవుతుంది.

ఆ ముడి విప్పాలని తల్లి ఒకరోజు ఫోన్ ఇవ్వడం మానేస్తుందనుకుందాం. పునర్బలనం ఆపేస్తే ప్రవర్తన క్రమంగా ఆరిపోతుంది. దీన్ని విరమణ అంటారు. అయితే ఆరిపోయే ముందు అది ఒకసారి భగ్గుమంటుంది. ఏడుపు ముందు పెరుగుతుంది, గొంతు మారుతుంది, కాళ్లు నేలకేసి కొట్టడం మొదలవుతుంది. ఇక తట్టుకోలేక సరిగ్గా ఆ గట్టి ఏడుపు దగ్గర ఫోన్ ఇస్తే పాప నేర్చుకునేది ‘మామూలుగా ఏడిస్తే చాలదు, ఇంత ఏడవాలి’ అని. పైగా కొన్నిసార్లు ఇచ్చి కొన్నిసార్లు ఇవ్వకపోతే ఆ ప్రవర్తన ఎప్పుడూ ఇచ్చినదాని కంటే మొండిగా నిలుస్తుంది. దీన్నే పాక్షిక పునర్బలన ప్రభావం అంటారు. కాబట్టి మానదలచుకుంటే పూర్తిగా మానాలి. అంత ఓపిక లేని రోజు మొదలే పెట్టకపోవడం నయం.

పునర్బలనం ఏ లెక్కన వస్తుందన్న దాన్ని బట్టి నాలుగు ప్రణాళికలు. ఇన్ని రైడ్లు పూర్తిచేస్తే ఇంత బోనస్ అని యాప్ క్యాబ్ డ్రైవర్‌కు పెట్టేది స్థిర నిష్పత్తి. ఒకటో తారీఖు జీతం స్థిర కాలవ్యవధి. ఎన్నో రీల్‌కు నచ్చింది వస్తుందో తెలియకుండా వేలితో జరుపుతూ పోవడం చర నిష్పత్తి. నాలుగింట్లో ఎడతెగకుండా పనిచేయించేది, ఆపడం కష్టమయ్యేది ఇదే. బస్టాపులో 10 నిమిషాలకో, 25 నిమిషాలకో వచ్చే బస్సు కోసం రోడ్డు వైపు తొంగిచూడటం చర కాలవ్యవధి. తొంగిచూసినందుకు బస్సు త్వరగా రాదు, కానీ వచ్చినప్పుడు కనబడేది తొంగిచూసినవాళ్లకే.

ఇక నగరంలో అందరికీ తెలిసిన హెల్మెట్ సంగతి. చలానా పడటం హెల్మెట్ లేకుండా నడపడానికి శిక్ష. చలానా తప్పించుకోవడానికి హెల్మెట్ పెట్టుకోవడం రుణాత్మక పునర్బలనం. ఒకే చలానా రెండు ప్రవర్తనల మీద రెండు పేర్లతో పనిచేస్తుంది. మరి ట్యాంకుకు తగిలించిన హెల్మెట్ సిగ్నల్ వంద గజాల దూరంలో ఉండగా తల మీదికి ఎందుకు ఎక్కుతుంది? మనిషి నేర్చుకున్నది ‘హెల్మెట్ పెట్టుకోవాలి’ అని కాదు, ‘కెమెరా, పోలీసు ఉన్నచోట పెట్టుకోవాలి’ అని. కెమెరా ఇక్కడ విచక్షణ ఉద్దీపన, అంటే ఏ పనికి ఎప్పుడు ఫలితం ఉంటుందో తెలిపే గుర్తు. శిక్ష అరుదుగా, ఒకేచోట, రోజుల తర్వాత మెసేజ్ రూపంలో వస్తే అది నేర్పేది ఇంతే. శిక్ష ఎంత ఆలస్యమైతే దాని పని అంత బలహీనపడుతుందన్నది ప్రయోగశాలల్లో పదేపదే తేలిన విషయం.

‘శాస్త్రీయ’ నిబంధనంలో శాస్త్రం గురించి

పావ్లోవ్ పేరు చెప్పగానే వచ్చే ‘శాస్త్రీయ నిబంధనం’లో రెండు మాటలూ దారి తప్పించేవే. ఇక్కడ శాస్త్రీయ అంటే విజ్ఞాన సంబంధమైనది అని కాదు. శాస్త్రీయ సంగీతం అన్నప్పుడు ఉన్న అర్థం, అంటే సంప్రదాయంగా మొదట వచ్చినది అని. నిబంధనం అంటే షరతు కాదు, రెండింటిని ముడివేయడం. పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా దీనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్కల లాలాజలం కొలుస్తుండగా తిండి రాకముందే ఊరడం కనబడి ఈ దారి తెరుచుకుంది.

పాతబస్తీలో రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ సైరన్ మోగుతుంది. రోజంతా ఉపవాసం ఉన్నవారు ఆ మోత వినగానే ఖర్జూరం నోట పెట్టుకుంటారు. తిండి నోట్లో పడితే లాలాజలం ఊరడం ఎవరూ నేర్పనిది. తిండి నిర్నిబంధిత ఉద్దీపన, ఆ ఊరడం నిర్నిబంధిత ప్రతిస్పందన. సైరన్ మొదట ఉత్త చప్పుడే. వారం తిరిగేసరికి సైరన్‌కే నోరూరితే, అది నిబంధిత ఉద్దీపన అయింది. దానికి ఊరినది నిబంధిత ప్రతిస్పందన. వరుస ముఖ్యం. సైరన్ ముందు, వెంటనే తిండి. తిండి తిన్నాక సైరన్ మోగితే ముడి దాదాపు పడదు, ఎందుకంటే అప్పుడు ఆ చప్పుడు రాబోయేదాని గురించి ఏ సమాచారమూ ఇవ్వదు.

ఇక్కడే మెలిక ప్రశ్న ఒకటుంది. రంజాన్ అయ్యాక 11 నెలలు ఆ సైరన్ వినబడదు. అది విరమణేనా? కాదు. విరమణ జరగాలంటే సైరన్ మోగాలి, తిండి రాకూడదు, అలా మళ్లీ మళ్లీ జరగాలి. ఊరికే కాలం గడిస్తే ముడి పెద్దగా సడలదు. మరుసటి ఏడు మొదటి రోజే నోరూరడానికి కారణం అదే. విరమణ జరిగిపోయాక కూడా కొన్నాళ్ల విరామం తర్వాత సైరన్ వింటే కాస్త నోరూరవచ్చు. దాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. పేరు భయపెట్టినా విషయం చిన్నది: ప్రయత్నం లేకుండా తిరిగి కోలుకోవడం. విరమణ పాత ముడిని చెరిపేయదు, దాని మీద కొత్త పాఠం పరుస్తుందంతే అని ఇది చూపుతుంది. ఏదో ఫ్యాక్టరీ సైరన్‌కు కూడా నోరూరితే సామాన్యీకరణం, రెండింటికీ తేడా పట్టేస్తే విచక్షణ.

ఎన్నోసార్లు జత కలిస్తే గానీ, అదీ క్షణాల తేడాలో ఉంటే గానీ నిబంధనం జరగదన్న నమ్మకానికి పెద్ద మినహాయింపును 1960లలో జాన్ గార్సియా ఎలుకలతో చూపించాడు. కొత్త రుచి చూపి, తర్వాత కడుపు తిప్పేలా చేస్తే, మధ్యలో గంటలు గడిచినా, ఒక్కసారికే ఆ రుచి మీద ఏవగింపు పుడుతుంది. మధ్యాహ్నం తిన్న బజ్జీ సాయంత్రం వాంతి అయితే ఏళ్ల తరబడి దాని వాసనే పడకపోవడం ఇదే. వాంతికి అసలు కారణం వైరల్ జ్వరమే కావచ్చు, నిందపడేది మాత్రం బజ్జీ మీదే. క్యాన్సర్ మందు ఎక్కించే రోజుల్లో రోగికి ఎంతో ఇష్టమైన వంటకం పెట్టవద్దని చెప్పడానికి ఆధారం ఇదే. మందు వల్ల వచ్చే వికారం ఆ వంటకానికి అంటుకుంటుంది.

రెండు నిబంధనాలూ కలిసి పనిచేసే చోటు భయం. లిఫ్టులో ఒకసారి కరెంటు పోయి ఇరుక్కుంటే లిఫ్టుకు భయం ముడిపడుతుంది, ఇది శాస్త్రీయ నిబంధనం. మర్నాటి నుంచి మెట్లెక్కితే లిఫ్టు దగ్గర పుట్టే గుబులు పోతుంది, మెట్లెక్కే అలవాటు రుణాత్మకంగా బలపడుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ ‘లిఫ్టు ఎక్కినా ఏమీ కాదు’ అని తెలుసుకునే అవకాశం కూడా తప్పిపోతుంది, అంటే విరమణకు చోటే ఉండదు. భయం ఏళ్లకేళ్లు తాజాగా ఉండేది ఇందుకే. మెల్లమెల్లగా, నిచ్చెన మెట్లలా ఎదురుకుంటూ పోయే చికిత్సకు పునాది కూడా ఇదే.

తిట్టాక మార్కులు ఎందుకు పెరుగుతాయి

ఇంత చెప్పినా ‘మా ఇంట్లో తిడితేనే పని జరిగింది’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. సాధారణంగా 70 తెచ్చుకునే పిల్ల ఒక వారం టెస్టులో 48 తెచ్చుకుంది. జ్వరం, తెలియని ప్రశ్నలు, నిద్రలేమి అన్నీ ఒకే రోజు కలిసొచ్చాయి. ఇంట్లో తిట్లు పడ్డాయి. వచ్చే వారం 69. ఇంకో వారం అన్నీ అనుకూలించి 92 వచ్చింది, మెచ్చుకున్నారు. తర్వాత 72. చూసేవారికి తిట్టు ఎక్కించింది, మెచ్చుకోలు దించింది అనిపిస్తుంది. తిట్టకపోయినా, మెచ్చుకోకపోయినా మార్కులు 70 దగ్గరికే వచ్చేవి. విపరీతమైన కొలత తర్వాతి కొలత సగటు వైపు జరగడం గణాంక నియమం. ‘సగటు వైపు తిరోగమనం’ అని పిలిచే ఈ భావన తొలి పాఠాల్లో ఒక పేరాతో తేలిపోతుంది. నిజానికి ప్రతి బీఈడీ తరగతిలోనూ దీనికి ఒక పూర్తి పీరియడ్ ఇవ్వాలి. కార్పొరేట్ కాలేజీల్లో వీక్లీ టెస్టు ర్యాంకు చూసి పిల్లల్ని సెక్షన్లు మార్చే పద్ధతి ఉన్న నగరంలో దీని అవసరం ఇంకా ఎక్కువ.

తిట్టు నిజంగా పనిచేసిందా అని తేల్చాలంటే ప్రయోగం కావాలి. తక్కువ మార్కులు వచ్చినవారిని చీటీలు తీసి రెండు గుంపులు చేయాలి. తిట్లు పడేది ప్రయోగాత్మక సమూహం, పడనిది నియంత్రిత సమూహం. తిట్టడం స్వతంత్ర చరం, తర్వాతి మార్కులు పరతంత్ర చరం. (పిల్లల మీద ఇలాంటి ప్రయోగం నైతికంగా చేయకూడదు, ఇది ఆలోచనకు మాత్రమే.) చీటీలు తీయడం అనేది రెండు చోట్ల వస్తుంది, రెండూ వేరు. జనంలోంచి నమూనాను చీటీలతో ఎంచుకుంటే ఫలితం అందరికీ వర్తిస్తుందని చెప్పడానికి బలం వస్తుంది. ఎంచుకున్నవారిని చీటీలతో గుంపులుగా విడదీస్తే కారణం ఇదేనని చెప్పడానికి బలం వస్తుంది.

ఆ రెండో చీటీ లేనప్పుడు మిగిలేది సహసంబంధం మాత్రమే, అంటే రెండు విషయాలు కలిసి మారుతున్నాయన్న సంగతి. ఫలానా అమీర్‌పేట కోచింగ్‌కు వెళ్లినవారికి ఉద్యోగాలు ఎక్కువ వచ్చాయంటే కోచింగ్ వల్లే కావచ్చు. లేదా ఫీజు, హాస్టల్ ఖర్చు భరించి ఏడాది ఖాళీగా కూర్చుని చదవగలిగినవారే అక్కడ చేరి ఉండవచ్చు. సహసంబంధ గుణకం −1 నుంచి +1 వరకు ఉంటుంది. −0.8 అనేది +0.5 కంటే బలమైన సంబంధం. గుర్తు దిశను చెబుతుంది, అంకె బలాన్ని చెబుతుంది. ఇక్కడ కూడా మైనస్‌ను చూసి ‘తక్కువ’ అనుకోవడమే తప్పు.

జ్ఞాపకం: ఎబ్బింగ్‌హాస్ అంకెలు చెప్పనిది

1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ ప్రచురించిన విస్మృతి వక్రరేఖ (కాలంతో పాటు మరపు ఎలా సాగుతుందో చూపే గీత) అంకెలు అందరి నోట్సులో ఉంటాయి: 20 నిమిషాలకు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, 6 రోజులకు 25, 31 రోజులకు 21. దీన్ని ‘చదివినదాంట్లో ఒక రోజుకు 34 శాతమే గుర్తుంటుంది’ అని చెప్పడం పరిపాటి. ఆయన కొలిచింది అది కాదు. అర్థరహిత పదాల జాబితాను తప్పు లేకుండా చెప్పేవరకు నేర్చుకున్నాడు. కొంత వ్యవధి తర్వాత అదే జాబితాను మళ్లీ నేర్చుకుంటూ, మొదటిసారి కంటే ఎంత సమయం ఆదా అయిందో చూశాడు. దీన్నే పొదుపు పద్ధతి అంటారు. మొదటిసారి 100 క్షణాలు పడితే, మర్నాడు 66 క్షణాల్లోనే వచ్చేసిందని ఆ 34 అర్థం. ఒక్క పదం కూడా గుర్తులేనట్టు అనిపించినా పొదుపు ఉండవచ్చు. పైగా ప్రయోగం చేసిందీ, చేయించుకున్నదీ ఆయన ఒక్కడే. నేర్చుకున్నదీ అర్థంలేని అక్షరాల గుచ్ఛాలు. కథనో, పాఠాన్నో మరిచిపోయే వేగానికి ఈ అంకెలు అతికించకూడదు.

చదివేవాళ్లకు నిజంగా పనికొచ్చే అంకె 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఉంది. ఒక గద్యభాగాన్ని ఒక గుంపు రెండుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారే మెరుగు. వారం తర్వాత పెడితే చదివినవారికి 42 శాతం, మూసి రాసినవారికి 56 శాతం గుర్తుంది. నోట్సును రంగు పెన్నుతో గీసుకుంటూ నాలుగోసారి చదివితే ‘వచ్చేసింది’ అనిపించేది ఆ 5 నిమిషాల బలం వల్లే. పరీక్ష మాత్రం వారాల తర్వాత ఉంటుంది. కాబట్టి ఒక గంట కూర్చుంటే కనీసం సగం సమయం పుస్తకం మూసే ఉండాలి.

మరపుకు కారణాల్లో రెండు అవరోధాలు పేర్లలోనే కలగాపులగం అవుతాయి. పాతది కొత్తదానికి అడ్డొస్తే పురోగమన అవరోధం. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా నోటికి ఎంసెట్టే రావడం అలాంటిది. కొత్తది పాతదానికి అడ్డొస్తే తిరోగమన అవరోధం. తెలంగాణ జిల్లాలు 2014లో 10, 2016లో 31, 2019లో 33. ఇప్పటి 33 బాగా నోటికొచ్చాక, ఫలానా ఊరు పాత 10లో ఏ జిల్లాలో ఉండేదో చటుక్కున తట్టకపోవడం ఇది. దేన్ని గుర్తుతెచ్చుకోలేకపోతున్నారో చూసుకుంటే చాలు, పేరు తేలిపోతుంది.

అవధానం, ధారణ: తెలుగువారికి ముందే ఉన్న మాటలు

ఈ రెండు పదాల దగ్గర తెలుగు విద్యార్థికి అదృష్టమూ ఉంది, చిక్కూ ఉంది. అష్టావధానం చూసినవారికి అవధానం అంటే ఒకేసారి ఎనిమిది పనులు చేయడం. మనోవిజ్ఞానంలో అవధానం అంటే మొదట ఎంపిక: కొన్నిటిని తీసుకోవడం కోసం మిగతావాటిని వదిలేయడం. 1953లో కోలిన్ చెర్రీ రెండు చెవుల్లో రెండు వేర్వేరు మాటలు వినిపించి, ఒకదాన్నే వెంటవెంట పలకమన్నాడు. రెండో చెవిలో ఏం చెప్పారో, అది ఏ భాషో కూడా చాలామంది పట్టలేకపోయారు. గొంతు మగదా ఆడదా అన్నది మాత్రం పట్టారు. హ్యాండ్స్‌ఫ్రీ పెట్టుకుని మాట్లాడుతూ బండి నడపడం ప్రమాదకరమనడానికి కారణం ఇదే. చేతులు ఖాళీగా ఉన్నా అవధానం ఖాళీగా ఉండదు.

మరి అవధాని సంగతేమిటి? ఆయన ఒకే క్షణంలో ఎనిమిదీ చేయడు. ప్రశ్నలడిగే పృచ్ఛకులు వరుసగా వస్తారు. పద్యం ఆవృత్తానికి ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో నడుస్తుంది. అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో అడ్డుతగులుతుంటారు. ఇది వేగంగా దృష్టి మార్చి, తిరిగి వదిలిన చోటికి సరిగ్గా రావడం. ఘంటానాదం మాత్రం నిజంగా సమాంతరం. పద్యం అల్లుతూనే గంటల లెక్క ఉంచుకోవాలి. బాగా సాధన చేసి అసంకల్పితంగా మారిన పని తక్కువ అవధానంతో నడుస్తుందన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో కనబడదు.

ధారణ మాట ఇంకా జాగ్రత్తగా చూడాలి. పాఠ్యపుస్తకంలో ధారణ అంటే నేర్చుకున్నది లోపల నిలిచి ఉండటం, దాన్ని తిరిగి పైకి తేవడం పునఃస్మరణ. అవధాన వేదిక మీద ‘ధారణ’ అంటే చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పడం, అంటే శాస్త్రం లెక్కలో పునఃస్మరణ. పుస్తకం ధారణ కంటికి కనబడదు. అది జరిగిందని పునఃస్మరణ ద్వారానో, గుర్తింపు ద్వారానో, పొదుపు ద్వారానో ఊహించుకోవాల్సిందే.

అవధాని ఎలా గుర్తుపెట్టుకుంటాడన్నది కూడా తొలి పాఠాలతోనే విప్పవచ్చు. 1956లో జార్జ్ మిల్లర్ స్వల్పకాలిక స్మృతి పరిమితి సుమారు 7 అంశాలన్నాడు, అటూఇటూ 2. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ అంశాలను గుంపులుగా కూర్చుకోవడాన్ని, వల్లెవేయడాన్ని అడ్డుకుంటే అది 4 దగ్గరే ఆగుతుందన్నాడు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. విడి అక్షరాలుగా అయితే పట్టవు, నాలుగైదు పదబంధాలుగా అయితే పడతాయి. ఆపైన ఛందస్సే సూచిక అందిస్తుంది. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ప్రాస, పదో అక్షరానికి మొదటి అక్షరంతో యతి. మరిచిన మాట ఏ అక్షరంతో మొదలవ్వాలో, ఎన్ని మాత్రలు ఉండాలో ముందే తెలిసినప్పుడు, వెతకాల్సిన చోటు బాగా కుంచించుకుపోతుంది. పునఃస్మరణ సూచిక అంటే ఇదే.

సాసర్‌లో చాయ్

పిల్లల ఆలోచన ఎదుగుదలను పరిశీలించిన పియాజే చెప్పిన ‘పదిలపరచుకునే భావన’ను, అంటే రూపం మారినా పరిమాణం మారదని గ్రహించడాన్ని, ఇరానీ హోటల్లో పరీక్షించవచ్చు, చాయ్ బదులు పాలు తీసుకుంటే సరి. ఐదేళ్ల పిల్లాడి ముందు ఒకే రకం కప్పులు రెండు పెట్టి, సమానంగా పోసి, ‘రెండూ సమానమేనా?’ అని వాడి చేతే ఒప్పించాలి. వాడు చూస్తుండగా ఒక కప్పు పాలు సాసర్‌లో ఒంపాలి. ఇప్పుడు ఏది ఎక్కువని అడగాలి. పూర్వ ప్రచాలక దశలో, అంటే సుమారు 2 నుంచి 7 ఏళ్ల మధ్య ఉన్న పిల్లలు చాలామంది వెడల్పునో లోతునో ఒక్కదాన్నే చూసి తప్పు చెబుతారు. ‘సమానం’ అన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకో అడగాలి. ‘ఏమీ కలపలేదు, తీయలేదు’, ‘మళ్లీ కప్పులో పోస్తే అంతే ఉంటాయి’, ‘వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ’ అనే మూడింట్లో ఏదో ఒక కారణం వస్తేనే భావన ఏర్పడిందని లెక్క.

ఈ పరీక్ష చెడిపోయేది ప్రశ్న దగ్గర. ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే పిల్లాడు ‘మొదటి జవాబు తప్పేమో, అందుకే మళ్లీ అడుగుతున్నారు’ అనుకొని మార్చేస్తాడు. ఒంపిన తర్వాత ఒక్కసారే అడిగితే సరైన జవాబులు పెరుగుతాయని 1974లో జరిగిన పరిశోధన చూపింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు రెండోసారి అడిగారంటే జవాబు మార్చుకోమనే అర్థం కాబట్టి ఈ జాగ్రత్త ఇక్కడ రెట్టింపు అవసరం.

ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) గురించి చెప్పాల్సింది కొంచెమే. మానసిక వయసును శారీరక వయసుతో భాగించి 100తో గుణించే సూత్రం పిల్లలకే సరిపోతుంది. మానసిక వయసు ఏటా పెరుగుతూ పోదు కాబట్టి 40 ఏళ్లవారికి అది అర్థం లేని లెక్క. ఇప్పటి పరీక్షలు అదే వయసువారి సగటును 100గా, ప్రామాణిక విచలనాన్ని (సగటు చుట్టూ స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) సాధారణంగా 15గా తీసుకుంటాయి. 85 నుంచి 115 మధ్య సుమారు 68 శాతం మంది ఉంటారు. 120 అంటే 120 శాతం తెలివి కాదు, తోటివారి వరుసలో ఒక స్థానం మాత్రమే.

గుణం, పరిస్థితి, రోగం

ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చినవాడికి ‘బుద్ధి లేదు’ అంటాం. అదే పని మనం చేస్తే ‘యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంది’ అంటాం. ఎదుటివారి పనికి గుణాన్ని కారణంగా చూపి పరిస్థితిని తక్కువ చేయడాన్ని మౌలిక ఆరోపణ దోషం అంటారు. ఇది అన్నిచోట్లా ఒకే మోతాదులో ఉండదు. 1984లో జోన్ మిల్లర్ అమెరికా పెద్దలను, మైసూరు పెద్దలను పోల్చి చూస్తే, అమెరికన్లు గుణాన్ని, మైసూరువారు సందర్భాన్ని ఎక్కువగా కారణం చూపారు. చిన్నపిల్లల్లో ఆ తేడా పెద్దగా లేదు, వయసుతో పెరిగింది. అంటే అది నేర్చుకున్నది.

గుణంగా చూడటం అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది రోగాల పేర్ల దగ్గర. ఈ నగరంలో ఒక మానసిక వైద్య ఆసుపత్రి ఉన్న పేట పేరునే తిట్టుగా వాడటం పాత అలవాటు. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్న మాట విన్న ఇంట్లో నిజంగా సాయం కావాల్సిన మనిషి నోరు విప్పడు. అవతల కొత్త తరం నోట రోగాల పేర్లు మరీ తేలికైపోయాయి. ఒక సాయంత్రం దిగులు డిప్రెషన్ కాదు. రోగనిర్ధారణకు వాడే ప్రమాణాల్లో 9 లక్షణాలుంటాయి. వాటిలో కనీసం 5 రెండు వారాల పాటు దాదాపు రోజూ ఉండాలి. ఆ ఐదింటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పక ఉండాలి. రోజువారీ జీవితం దెబ్బతినాలి. అలాగే శుభ్రంగా ఉండటం, మడి కట్టుకోవడం ఓసీడీ కాదు. మడి ఆచారం ఆ మనిషికి తృప్తినిస్తుంది. ఓసీడీలో వద్దనుకున్నా వచ్చిపడే ఆలోచన, దాన్ని అణచడానికి పదేపదే చేసే పని ఉంటాయి. అది రోజులో గంటకు పైగా తినేస్తుంది, లేదా తీవ్రంగా బాధపెడుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న చోట కూడా పేర్లు కలిసిపోతాయి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు, మాటల చికిత్స చేస్తారు, మందులు రాయరు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి, ఆ నంబరు అడిగి చూడటంలో తప్పులేదు. ‘కౌన్సెలర్’ అన్న బోర్డు ఒక్కటే చూస్తే వెనుక ఏ చదువుందో తెలియదు. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.